మేనత్తకు ఏం జబ్బు చేసింది?

రొమ్ము క్యాన్సర్‌తో వచ్చినవాళ్లను డాక్టర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: 'మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా?' అమ్మను, అమ్మమ్మను తలుచుకుని 'లేదండీ' అనేస్తాం. నలభై ఏళ్లకే 'కడుపులో నీరు పట్టి' పోయిన మేనత్త గుర్తుకే రాదు. ఆవిడ వేరే ఇంటి మనిషి కదా! ఆ నీరు అండాశయ క్యాన్సర్‌ వల్ల కావచ్చన్న అనుమానం అసలే రాదు.

2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ, క్యాన్సర్ రాకముందే రొమ్ములు తీయించుకున్న సంగతి రాసినప్పటి నుంచి బీఆర్‌సీఏ జన్యువుల గురించి వింటూనే ఉన్నాం. వాటిలో లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా పెరుగుతుంది. బుర్రకెక్కనిది ఒక్కటే: ఆ లోపం నాన్న వైపు నుంచీ వస్తుంది. లోపం తల్లిలో ఉన్నా తండ్రిలో ఉన్నా, కొడుకైనా కూతురైనా, ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అది వచ్చిన ఆడపిల్లకు 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 70 శాతం. తండ్రి ఏ జబ్బూ లేకుండా నిక్షేపంగా ఉంటూనే దాన్ని కూతురికి ఇచ్చేయగలడు. ఆ జాడ తెలిసేది ఆయన అక్కచెల్లెళ్ల వల్లే.

సంబంధం కలుపుకునేటప్పుడు గోత్రం, ఇంటిపేరు, ఏడు తరాలూ తవ్వి తీస్తాం. ఆ లెక్కంతా మగవాళ్ల వరసే. పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల అందులోంచి జారిపోతుంది. పెళ్లితో గోత్రం మారుతుందేమో గానీ జన్యువు మారదు.

చెబితే పిల్లకు సంబంధాలు చెడతాయి, అందరికీ టెన్షన్ అంటారు. ఆ భయం ఉత్తది కాదు. తెలుసుకోకుండా ఉండే హక్కూ మనిషికి ఉంది. కానీ వద్దనుకోవాలన్నా అలాంటిదొకటి ఉందని ముందు చెవిన పడాలిగా! పైగా జబ్బు వచ్చిన మనిషి జన్యువులో లోపం ఎక్కడుందో పట్టుకుంటే, మిగతావాళ్లకు ఆ ఒక్కచోట చూస్తే చాలు, ఖర్చూ తగ్గుతుంది. ఉందని తేలిన ఆడపిల్లకు 25 ఏళ్ల నుంచే ఏటా ఎంఆర్‌ఐ తీస్తారు. ఇదంతా జరగాలంటే బంధువులకు ఫోన్ చేయాల్సింది మనమే, డాక్టర్ కాదు.

పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు దేశమంతటికీ 2005లో వస్తే, మన దగ్గర ఎన్టీఆర్ హయాంలో 1986లోనే చట్టమైంది. ఆస్తిలో ఇచ్చిన చోటు ఇంటి జ్ఞాపకంలో ఇవ్వలేదు. ఏ వయసులో ఏ ఆపరేషన్ అయింది, రిపోర్టులు ఎక్కడున్నాయి అని ఆవిణ్ని అడిగే అన్నదమ్ములు ఎందరు? పొలం అమ్మే రోజు వస్తే మాత్రం, హక్కు వదులుకుంటున్నట్టు సంతకం కావాలి కాబట్టి, ఏ ఊళ్లో ఉన్నా కారు పంపిస్తారు.