రెండో మెట్లు ప్లాన్‌లోనే ఉండాలి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో నిలబడి ఓసారి తలెత్తి చూడండి. కింద బట్టల షాపు, దాని మీద ల్యాబు, ఆపైన నర్సింగ్ హోమ్, చిట్టచివర రేకుల షెడ్డులో కోచింగ్ సెంటర్. ఇలాంటి భవనాలు మనకు కొత్త కాదు. చాలావాటికి ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్ల దారి. కరెంటు మీటర్లూ జనరేటరూ ఆ మెట్ల కిందే. అక్కడ నిప్పు రాజుకుంటే ఆ దారి పొగగొట్టం అయిపోతుంది.

కట్టకముందే ఫైర్ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే పత్రం, తీసుకోవాలన్న నిబంధన మనకు లేకపోలేదు. 1999 నాటి అగ్నిమాపక చట్టం కింద వ్యాపార భవనం 15 మీటర్లు దాటినా, నివాస భవనం 18 మీటర్లకు చేరినా ఆ శాఖ ప్లాన్ చూడాల్సిందే. బడులకూ ఫంక్షన్ హాళ్లకూ ఈ హద్దు ఇంకా తక్కువ. కానీ మన పట్టణాల్లో షాపులూ ఆసుపత్రులూ కలగలిసిన కట్టడాలు ఎక్కువగా ఈ కొలతకు ఓ అడుగు కిందే ఆగుతాయి. మరికొన్ని ఇల్లని చెప్పి పర్మిషన్ తెచ్చుకుని, నాలుగేళ్లకు ఆసుపత్రి బోర్డు పెట్టుకుంటాయి.

వాడకం మారితే ఏమవుతుందో విజయవాడ చూసింది. కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో 2020 ఆగస్టు 9న మంటలు లేచి 10 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది మే నెలలో సూరత్‌లో పై అంతస్తులోని కోచింగ్ సెంటర్ నుంచి పిల్లలు కిందికి దూకారు. ఆ ప్రమాదంలో 22 మంది పోయారు.

కాగితం మీద రెండో మెట్లంటే నాలుగు గీతలు. స్లాబ్ పడ్డాక ఎక్కడ పెడతారు? అద్దె వచ్చే షట్టర్ వదులుకుని గోడ కొట్టించే యజమాని ఉంటాడా? చివరికి వెనక గోడకు ఇనుప చుట్టుమెట్లు బిగిస్తారు. స్ట్రెచర్ మీది రోగిని వాటి మీదుగా ఎలా దింపాలో బిగించిన వాళ్లకే తెలియాలి. నీళ్ల ట్యాంకు, పంపు, ఫైరింజన్ తిరగడానికి ఖాళీ జాగా, బయటికి తెరుచుకునే తలుపు... వీటి సంగతీ అంతే.

అందుకే జనం గుమిగూడే ఏ భవనమైనా, ఎత్తుతో పని లేకుండా, పర్మిషన్‌కు ముందే అగ్నిమాపక అధికారి ప్లాన్ చూడాలని మేము కోరుతున్నాం. ఇంకో బల్ల, ఇంకో చెయ్యి తడపడమేనా అని బిల్డర్లు విసుక్కుంటారు. ఆ టెన్షన్ ఉత్తిది కాదు. కాబట్టి గడువు పెట్టండి, తిప్పి పంపితే కారణం రాసివ్వండి. ప్లాన్ చదవడం వచ్చిన ఇంజినీర్లను ఫైర్ స్టేషన్లకు ఇవ్వండి. ఇల్లు ఆసుపత్రిగా మారేటప్పుడు లైసెన్సు కంటే ముందు ప్లాన్ మళ్లీ బల్ల మీదకు రావాలి. పాత ప్లాన్లు విజయనగరం, శ్రీకాకుళం కార్పొరేషన్ల టౌన్ ప్లానింగ్ విభాగాల్లోనే ఉంటాయి. బోర్డు మారిన ఇళ్ల ఫైళ్లతో రేపే మొదలుపెట్టొచ్చు.