డౌన్స్ స్థానంలో ఎవరు అని అడగడమే పొరపాటు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కాలేజీ జట్టు ఒహాయో స్టేట్ డిఫెన్స్ గురించి 2026 సీజన్‌కి ఎవరి అంచనా చదివినా ఒకటే వరస. అందరికన్నా వెనక కాపు కాసే సేఫ్టీ కేలబ్ డౌన్స్ వెళ్లిపోయాడు, జట్టు పట్టికలో ఆ గడిలోకి ఎవరు? ముందు వరస వెనక ఆడే లైన్‌బ్యాకర్ సన్నీ స్టైల్స్ వెళ్లిపోయాడు, ఆ గడిలోకి ఎవరు? ఆర్వెల్ రీస్ గడిలోకి ఎవరు? పదకొండు గడులు గీసి, ఒక్కోదాంట్లో ఒక పేరు, దాని కింద సబ్‌స్టిట్యూట్ పేరు రాసేస్తే విశ్లేషణ అయిపోయిందనుకుంటున్నారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ పద్ధతికి కాలం చెల్లింది. చెల్లిందని చూపించింది ఈ ముగ్గురే.

నిరుటి సంగతే చూడండి. 2025 జనవరిలో నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించి జాతీయ టైటిల్ గెలిచాక, పదకొండు మంది డిఫెన్స్ స్టార్టర్లలో ఎనిమిది మంది వెళ్లిపోయారు. ముందు వరసలో ఆడిన నలుగురికి నలుగురూ పోయారు. డిఫెన్స్‌ని నడిపే కోచ్ (కోఆర్డినేటర్) జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కి మారాడు. ఆయన చోట ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ అనుభవమే తప్ప ఏళ్ల తరబడి కాలేజీ ఆట ముఖం చూడని మ్యాట్ పాట్రీషియాను తెచ్చారు. గడుల లెక్క ప్రకారం ఆ జట్టు చతికిలపడాలి. కానీ మొదటి మ్యాచ్‌లో టెక్సస్‌కి 7 పాయింట్లే ఇచ్చింది. రెగ్యులర్ సీజన్లో పన్నెండుకి పన్నెండూ గెలిచింది. సీజన్ ముగిసేసరికి దేశంలో సగటున అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ అదే.

ఎలా సాధ్యమైంది? రీస్‌ని తీసుకోండి. కాగితం మీద అతను లైన్‌బ్యాకర్. మైదానంలో మాత్రం ఒక ప్లేలో, అంటే బంతి ఆడే ఒక విడతలో, లైన్ వెనక నిలబడతాడు, తర్వాతి ప్లేలో అంచుకి వెళ్లి, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకుతాడు, ఆ తర్వాత వెనక్కి జరిగి పాస్ కాస్తాడు. 6.5 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) అలా వచ్చినవే. స్టైల్స్ 2023లో సేఫ్టీ. 2024లో లైన్‌బ్యాకర్‌గా మార్చారు, మొదటి ఏడాదే 100 టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడగొట్టడం) చేశాడు. అతని అన్న లొరెంజో కథ ఇంకా బాగుంటుంది. నోటర్‌డామ్‌లో పాస్‌లు పట్టే రిసీవర్‌గా ఆడి, తమ్ముడి దగ్గరికొచ్చి పాస్‌లు ఆపే ఆటగాడయ్యాడు. ఇక డౌన్స్‌ని సేఫ్టీ అని పిలిచేవారే గానీ, ఏ ప్లేలో ఎక్కడ నిలబడతాడో ఎదుటి జట్టుకి అంతు చిక్కేది కాదు.

అసలు కిటుకు అక్కడే ఉంది. బంతి కదలకముందే క్వార్టర్‌బ్యాక్ డిఫెన్స్‌ని చదువుతాడు. లైన్ దగ్గర ఎంతమంది ఉన్నారు, వెనక సేఫ్టీలు ఇద్దరా ఒక్కరా చూసుకుని, పరుగా పాసా తేల్చుకుంటాడు. ఒకే మనిషి మూడు పనులు చేయగలిగితే ఆ చదువు తప్పుతుంది. పైగా ఇప్పటి అఫెన్స్‌లు హడిల్ కట్టకుండా, అంటే ప్లేకీ ప్లేకీ మధ్య గుమిగూడి మాట్లాడుకోకుండా, మనుషుల్ని మార్చకుండా గబగబా ఆడేస్తాయి. వాళ్లు మార్చకపోతే డిఫెన్స్‌కి మార్చుకునే వ్యవధి దొరకదు. మైదానంలో ఉన్న పదకొండు మందే పరుగూ ఆపాలి, పాసూ ఆపాలి. కాబట్టి అంచనా వేసేవాళ్లు పేర్లతో కాకుండా పనులతో మొదలుపెట్టాలి. మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) పది గజాలు కావాల్సినప్పుడు క్వార్టర్‌బ్యాక్ మీదికి నాలుగో మనిషిగా వెళ్లేదెవరు? అడ్డుకుంటూనే పాస్‌లూ పట్టే టైట్ ఎండ్‌ని ఒంటరిగా కాయగలిగేదెవరు? ఇద్దరు బ్లాకర్లను మీదికి లాక్కుని కదలకుండా నిలబడేదెవరు? ఈ చివరి పని కేడెన్ మెక్‌డొనాల్డ్‌ది. 2024లో అతను బెంచి మనిషి, చెప్పుకోదగ్గ అంకెలేమీ లేవు. 2025లో ఒహాయో స్టేట్ ఆడే లీగ్ బిగ్ టెన్‌లో ఉత్తమ డిఫెన్సివ్ లైన్‌మన్. అతను ఇద్దరిని పట్టి ఉంచినందుకే స్టైల్స్, రీస్ వెనక నుంచి స్వేచ్ఛగా పరుగెత్తగలిగారు.

ఆ జట్టు చివరికి ఓడింది కదా అంటారు. నిజమే, ఇండియానా చేతిలో 13-10తో, మయామీ చేతిలో 24-14తో ఓడింది. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఒక్క పని నేర్పితేనే తప్పులు తగ్గుతాయన్న వాదనలోనూ కొంత న్యాయం ఉంది. కానీ ఆ రెండు ఓటముల్లోనూ చేతులెత్తేసింది అఫెన్సే. పైగా మయామీ మ్యాచ్‌ని మలుపు తిప్పిందెవరు? లైన్ దగ్గరే వేసే పొట్టి పాస్ (స్క్రీన్ పాస్)ను పసిగట్టి లాక్కుని, 72 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసిన కియాంటే స్కాట్. పాస్‌లు కాసే ఐదో ఆటగాడి చోటైన నికెల్ స్థానంలో ఆడుతూ పాస్ కాచి, పరుగు ఆపి, క్వార్టర్‌బ్యాక్ మీదికీ వెళ్లే ఆటగాడు. నా వాదనకి ఎదుటి జట్టే సాక్ష్యం ఇచ్చింది.

ఈ గడుల పిచ్చి చదివేవాళ్ల కాలక్షేపంతో ఆగిపోతే నాకింత పట్టింపు ఉండేది కాదు. ఇప్పుడు అది కుర్రాళ్ల డబ్బుతో ముడిపడింది. కాలేజీ ఆటగాళ్ల చెల్లింపులపై నడిచిన హౌస్ కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో విశ్వవిద్యాలయం మొదటి ఏడాదే 20.5 మిలియన్ డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకి ఇవ్వొచ్చు. ధర పలికేది స్థానాన్ని బట్టే. అంచున ఆడేవాడికి ఒక రేటు, మధ్యలో ఇద్దరిని మోసేవాడికి ఇంకో రేటు. మరి రీస్ లాంటివాడు ఏ రేటు కిందికొస్తాడు? ఎన్ఎఫ్ఎల్‌లో ఈ పేచీ పాతదే. 2008లో తమ ఆటగాడు టెరెల్ సగ్స్ జీతాన్ని లైన్‌బ్యాకర్‌గా లెక్కగట్టాలని బాల్టిమోర్ రేవెన్స్ జట్టు, అంచున ఆడే డిఫెన్సివ్ ఎండ్‌గా గట్టాలని అతనూ పట్టుబట్టి, చివరికి రెండు మొత్తాలకీ మధ్యలో రాజీపడ్డారు. సగ్స్ వెనక ఆటగాళ్ల యూనియన్ ఉంది. కాలేజీ కుర్రాడికి అది కూడా లేదు.

దీనికితోడు, ఆటగాళ్లు వేరే కాలేజీకి మారేందుకు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్. 2026లో జనవరి 2 నుంచి 16 వరకు, ఒక్కటే గడువు. ఆ రెండు వారాల్లో కోచ్ ప్రతివాడికీ ఒక గడి చూపించాలి. చూపించకపోతే వాడు వెళ్లిపోతాడు. ఒహాయో స్టేట్ అంచు ఆటగాడు కేడెన్ కరీ 2022లో వచ్చి మూడేళ్లు ఇతరుల వెనక ఆడాడు, నాలుగో ఏడు 11 శాక్‌లు చేశాడు. ఏ అంచనా జాబితా అయినా ఆ మూడేళ్లూ అతన్ని సబ్‌స్టిట్యూట్ కిందే రాసి ఉంటుంది. అలాంటి వాళ్లని జట్లు పోగొట్టుకోకూడదంటే ఆటగాడితో రాసుకునే ఒప్పందంలో స్థానం పేరొక్కటే ఉంటే చాలదు. ఏయే పనులు నేర్పుతారు, వాటిలో ఎన్నింటికి వాడుకుంటారు, వాడుకున్నప్పుడు ఎంత ఇస్తారు, ఆగి ఎదురుచూసిన ఏడాదికి ఎంత కడతారు అన్నవి అందులో రాసి, ఆ కుర్రాడి చేతికి ఒక కాపీ ఇవ్వాలి.