మంత్రసానిని మంత్రగత్తెని చేశారు

"మీరు కాల్చలేకపోయిన మంత్రగత్తెల మనవరాళ్లం మేము." మార్చి 8 వచ్చిందంటే ఈ నినాదం నా ఫీడ్ నిండా ఉంటుంది. ఒకప్పుడు నేనూ షేర్ చేశాను. ఇప్పుడు చేతులు రావడం లేదు. ఒకప్పుడు యూరప్‌లో మంత్రగత్తెలని ముద్ర వేసి చంపేసిన ఆ ఆడవాళ్లలో మంత్రగత్తె ఒక్కరూ లేరు.

ఆగ్నెస్ శాంప్సన్ స్కాట్లండ్ పల్లెలో పురుళ్లు పోసేది, మందులిచ్చేది. మన మాటలో చెప్పాలంటే మంత్రసాని. 1590లో రాజు ఆరో జేమ్స్ డెన్మార్క్ నుంచి పెళ్లికూతురితో ఓడలో వస్తుంటే తుఫాన్లు పట్టుకున్నాయి. ఎవరో చేతబడి చేశారన్నారు. ఆగ్నెస్‌ను రాజే స్వయంగా విచారించాడు. ఆమెకు గుండు గీశారు, నోట్లో ఇనప కళ్లెం పెట్టారు, నిద్ర పోనివ్వలేదు. చివరికి వాళ్లు అడిగిందల్లా ఒప్పుకుంది. జల్లెడలెక్కి సముద్రం మీద వెళ్లామని కూడా! జబ్బులు నయం చేయడం కూడా ఆమె నేరాల జాబితాలో ఉంది. 1591 జనవరిలో ఎడిన్‌బరోలో గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు.

స్కాట్లండ్‌లో మంత్రగత్తెలని శిక్షించే చట్టం 1563 నుంచి 1736 దాకా నడిచింది. దాదాపు 4,000 మంది మీద నింద పడింది, 2,500 మంది దాకా చనిపోయారని అంచనా. ఎక్కువమంది ఆడవాళ్లే. అప్పటి స్కాట్లండ్ ప్రభుత్వాధినేత నికోలా స్టర్జన్ క్షమాపణ చెప్పింది 2022లో.

యూరప్‌లో 90 లక్షల మందిని చంపారని మనవాళ్లు రాస్తుంటే బాధగా ఉంటుంది. చరిత్రకారుల అంచనా 40 నుంచి 60 వేలు. ఇది చాలదా మన కోపానికి?

1968లో న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో స్త్రీవాదులు మంత్రగత్తెల టోపీలు పెట్టుకుని ఊరేగారు. వాళ్ల ధైర్యమంటే నాకు గౌరవమే. తిట్టుని లాక్కుని జెండా చేసుకోవాలంటే గుండె కావాలి. కానీ ఆ మాట ఇంకా ప్రాణాలు తీస్తున్న చోట అది జెండా ఎలా అవుతుంది?

జార్ఖండ్‌లో ఛుట్నీ మహతోని 1995లో 'డాయన్' (మంత్రగత్తె) అని కొట్టి, ఊరు వదిలి పారిపోయేలా చేశారు. అప్పటినుంచి అదే ముద్ర పడిన ఆడవాళ్లను కాపాడుతూ వచ్చింది. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె పోరాటమంతా ఆ మాటను ఆడవాళ్ల మీదనుంచి తీసేయడానికే. మన తెలంగాణ పల్లెల్లోనూ చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని చంపారు, మగవాళ్లను కూడా.

ఈసారి మార్చి 8కి నేను ఆగ్నెస్ గురించే పోస్ట్ పెడతాను. ఆమె పేరు పక్కన మంత్రసాని అని రాస్తాను.