కొత్త రూటు కాదు, ఇంకో బస్సు అడుగుదాం

స్థానిక రవాణా సంస్థ ప్రజాభిప్రాయం కోరిన ప్రతిసారీ మన సంఘాల నుంచి వెళ్లే వినతిపత్రాల్లో దాదాపు ఒకటే కోరిక ఉంటుంది. ఫలానా కాలనీ మీదుగా ఫలానా హాలు దాకా కొత్త రూటు వేయండి, లేదా ఉన్న బస్సునే కాస్త తిప్పి మా వీధిలోకి తీసుకురండి. కారు నడపలేని పెద్దవాళ్లు, కారు కొనలేని విద్యార్థులు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి అడగడంలో తప్పు లేదు. అడుగుతున్న వస్తువే తప్పు. ఇలాంటి కోరికలు నాలుగైదు నెరవేరాయంటే ఉన్న బస్సు కూడా ఎక్కడానికి పనికిరాకుండా పోతుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఒక రూటు ఈ చివర నుంచి ఆ చివరకు 50 నిమిషాలు పడుతుందనుకోండి. రెండు చివర్లా పదేసి నిమిషాలు ఆగుతుంది. పోను, రాను, ఆగిన సమయం అన్నీ కలిపి 120 నిమిషాలు. పావుగంటకో బస్సు నడపాలంటే 120ని 15తో భాగించాలి, 8 బస్సులు రోడ్డు మీద ఉండాలి. అరగంటకొకటి చాలనుకుంటే 4. షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా దాని లోపల జరిగేది ఈ భాగహారమే.

ఇప్పుడు మన వీధిలోకి రమ్మన్నాం. పోయేటప్పుడు 4 నిమిషాలు, వచ్చేటప్పుడు 4 నిమిషాలు అదనం. మొత్తం 128 అయింది. ఎనిమిది బస్సులతో పావుగంటకొకటి ఇక కుదరదు. షెడ్యూలు వేసేవాళ్ల ముందు మూడు దారులుంటాయి. తొమ్మిదో బస్సు పెట్టడం ఒకటి. రోజుకు 16 గంటల చొప్పున ఏడాది పొడవునా నడిపితే అది 5,840 గంటలు; వారపు సెలవులు, జబ్బు సెలవులు లెక్కలోకి తీసుకుంటే ముగ్గురు డ్రైవర్లతో కూడా సరిపోదు. రెండోది 16 నిమిషాలకో బస్సు నడపడం. అప్పుడు 8:00, 8:16, 8:32, 8:48, 9:04 అంటూ ఏ గంటకా గంట మారిపోయే వేళలు ఎవరికీ నోటికి రావు. మూడోది చివర్లలో ఆగే పది నిమిషాలను ఆరుకు కోయడం. కాగితం మీద ఖర్చేమీ కనిపించదు కాబట్టి ఎక్కువగా దీనికే మొగ్గుతారు. కానీ ఆ పది నిమిషాలూ డ్రైవరు కాళ్లు చాపుకోవడానికి మాత్రమే ఇచ్చినవి కావు. దారిలో జరిగిన ఆలస్యాన్ని మింగేసి తర్వాతి ట్రిప్పును వేళకు బయలుదేరదీసేవి అవే. వాటిని కోస్తే ఉదయం ఎనిమిదింటికి పట్టిన ఆలస్యం మధ్యాహ్నం దాకా ఒక ట్రిప్పు నుంచి ఇంకో ట్రిప్పుకు అంటుకుంటూనే పోతుంది.

మనకు కలిసొచ్చిందేమిటి? మన వీధివాళ్లకు ఆరేడు నిమిషాల నడక తగ్గింది. బస్సులో అప్పటికే కూర్చున్న వాళ్లందరికీ నాలుగేసి నిమిషాలు పోయాయి. రూట్లు గుండ్రంగా ఒకే దిక్కున తిరిగే చోట ఇంకా అన్యాయం: పోవడానికి పది నిమిషాలు, తిరిగి రావడానికి నలభై.

బస్సు ఎక్కేవాళ్లకు అసలు సుఖం తరచుదనంలో ఉంది. వేళ చూసుకోకుండా స్టాపుకు వెళ్తే పావుగంట బస్సుకు సగటున ఏడున్నర నిమిషాలు నిలబడతాం, అరగంట బస్సుకు పదిహేను. రెండు బస్సులు మారాలంటే ఈ తేడా రెండింతలవుతుంది. అరగంట బస్సుల మధ్య మారమని పెద్దావిడకి ఎవరు చెప్పగలరు? పది, పదిహేను నిమిషాలకోసారి నడిచే తిన్నని రూట్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతే ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఒక్క మార్పుతో చేరొచ్చు, ప్రతి ఇంటి ముందుకూ వేరే రూటు అక్కర్లేదు.

2015 ఆగస్టు 16న హ్యూస్టన్ తన స్థానిక బస్సు రూట్లను ఒక్కసారిగా మార్చింది ఈ లెక్కతోనే. అంతకుముందు చాలా రూట్లు నగర కేంద్రంవైపే పోయేవి. నడిపే ఖర్చు పెద్దగా పెంచకుండానే వాటిని గళ్లుగా పరిచి, ముఖ్యమైన రోడ్ల మీద వారమంతా పావుగంటకో బస్సు పెట్టారు. శని, ఆదివారాల్లో ఎక్కేవాళ్లు బాగా పెరిగారు. అక్కడి రవాణా సంస్థ బోర్డు మ్యాపు మీద గీత గీయడానికి ముందే ఒక సంగతి తేల్చుకుంది: సుమారు 80 శాతం వనరులు ఎక్కువ మంది ఎక్కే చోట, 20 శాతం ఎక్కేవాళ్లు తక్కువైనా బస్సు లేకపోతే గడవని చోట. ఏ ఊళ్లోనైనా మనం మొదట అడగాల్సింది ఈ నిష్పత్తినే. అది చెప్పకుండా మ్యాపు ముందుపెట్టి అభిప్రాయం అడిగితే, చివరికి గట్టిగా అరిచిన వీధికి బస్సు దక్కుతుంది.

ఇంకో బస్సుకు డబ్బు లేదంటారు. నిజమే కావచ్చు. కానీ వేగం పెంచితే ఉన్న బస్సులే ఎక్కువ ట్రిప్పులు తిరుగుతాయి. పై రూటులో పోను రాను కలిపి 15 నిమిషాలు తగ్గించగలిగితే 7 బస్సులతోనే పావుగంట నడుస్తుంది. మిగిలిన ఎనిమిదో బస్సును ఇంకెక్కడైనా వేసుకోవచ్చు. ఆ నిమిషాలు ఎక్కడ దొరుకుతాయంటే, ముందు స్టాపుల దగ్గర. బ్రేకు వేయడం, తలుపులు తీయడం, మూయడం, మళ్లీ వేగం అందుకోవడం కలిపితే ఒక్కో స్టాపుకు ఇరవై, ముప్పై సెకన్లు పోతాయి. 250 మీటర్లకో స్టాపు ఉన్న చోట 400 మీటర్లకు సర్దితే ఒక దిక్కున పదిసార్లు తక్కువ ఆగినా దాదాపు నాలుగు నిమిషాలు మిగులుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రెండు నిమిషాల అదనపు నడక కూడా నడకే, కాబట్టి ఆసుపత్రి, వృద్ధుల నివాసం దగ్గరి స్టాపులు కదపొద్దని ముందే రాయాలి.

తర్వాత సిగ్నళ్లు. బస్సు వస్తుంటే పచ్చలైటును కొన్ని సెకన్లు పొడిగించే ఏర్పాటు చాలా ఊళ్లలో ఉంది. స్టాపు సిగ్నల్‌కు ముందుంటే అది సరిగా పనిచేయదు. ఎంతమంది ఎక్కుతారో, ఎంతసేపు పడుతుందో సిగ్నల్‌కు తెలియదు కదా, పొడిగించిన పచ్చలైటు కాస్తా బస్సు నిలబడి ఉండగానే ఆరిపోతుంది. స్టాపును కూడలి దాటాక పెట్టాలి. రోడ్డు పక్కకు తొలిచిన బస్‌బేలు చూడ్డానికి బాగుంటాయి గానీ బస్సు తిరిగి వరసలో దూరడానికి కార్లవాళ్ల దయ కోసం ఎదురుచూడాలి. టికెట్టు డ్రైవరు దగ్గర కొనడం ఇంకో జాప్యం. లండన్ బస్సుల్లో 2014 జులైలో నగదు తీసుకోవడం మానేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో 2012 నుంచి అన్ని తలుపుల్లోంచీ ఎక్కనిస్తోంది.

రెండు బస్సులు జంటగా రావడం డ్రైవర్ల నిర్లక్ష్యమని చాలామంది అనుకుంటారు. ముందు బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే స్టాపులో జనం పెరుగుతారు, వాళ్లను ఎక్కించుకోవడంతో ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం మిగలరు, అది తొందరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. పావుగంట బస్సులు జంటలుగా వస్తే నడుస్తున్నది అరగంట బస్సే, ఖర్చు మాత్రం పావుగంట బస్సుది. చివర్లలో ఆగే సమయం కోయొద్దని పట్టుబట్టడానికి ఇదే పెద్ద కారణం.

ఇక డబ్బు. బస్సు కొనడానికి, బస్సు నడపడానికి వచ్చే నిధులు వేరువేరు గల్లాల నుంచి వస్తాయి. కొనుగోలుకు డబ్బు తేలిగ్గా దొరుకుతుంది, ఎందుకంటే కొత్త బస్సు ముందు రిబ్బను కత్తిరించవచ్చు, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర ట్రిప్పు ముందు కత్తిరించలేం. అమెరికాలో 2 లక్షలు దాటిన జనాభా ఉన్న పట్టణ ప్రాంతాలు సమాఖ్య ప్రభుత్వం జనాభా లాంటి లెక్కలతో పంచే ఫార్ములా నిధులను, చిన్న సంస్థలకిచ్చిన కొన్ని మినహాయింపులు తప్ప, రోజువారీ నడపడానికి వాడుకోలేవు. 2020లో కోవిడ్ సాయంగా తెచ్చిన కేర్స్ చట్టం కింద ప్రజారవాణాకు ఇచ్చిన 2,500 కోట్ల డాలర్లను జీతాలకూ వాడుకోనిచ్చారు. అలాంటి సాయం అయిపోగానే చాలా సంస్థల బడ్జెట్‌లో గొయ్యి పడింది. నడిపే డబ్బు స్థానికంగా రావాలి. హ్యూస్టన్‌లో ఒక శాతం అమ్మకపు పన్ను ఆధారం. మాంద్యం వచ్చిందంటే అదీ పడిపోతుంది. ఫ్రాన్స్‌లో 11 మంది, అంతకు మించి ఉద్యోగులున్న యజమానులు జీతాల మొత్తం మీద రవాణా పన్ను కడతారు. మా ఓటు రెండోదానికే. ఉద్యోగులు వేళకు పనికి చేరడంలో లాభం యజమానిది కూడా.

బస్సు ఎవరు నడుపుతారన్నది అంతే ముఖ్యం. 1985 చట్టంతో బ్రిటన్‌లో, లండన్, ఉత్తర ఐర్లండ్ మినహా, 1986 అక్టోబరు 26 నుంచి ఎక్కడ నడపాలో కంపెనీలే తేల్చుకునే పద్ధతి వచ్చింది. లాభమున్న రోడ్ల మీద బస్సులు పోటీపడ్డాయి, రాత్రి ట్రిప్పులు, ఆదివారాలు కౌన్సిళ్ల నెత్తిన పడ్డాయి. గ్రేటర్ మాంచెస్టర్ 2023 సెప్టెంబరు నుంచి 2025 జనవరి దాకా మూడు విడతల్లో రూట్లు, వేళలు, చార్జీల మీద అధికారాన్ని తిరిగి తీసుకుంది. నడిపేది ఇప్పటికీ ప్రైవేటు కంపెనీలే, కాంట్రాక్టు మీద.

ఆ కాంట్రాక్టులోనే కిటుకంతా ఉంది. టికెట్ల రాబడి కంపెనీకే వదిలేస్తే జనం లేని ట్రిప్పుల మీద దానికి శ్రద్ధ ఉండదు. నడిపినందుకే డబ్బిస్తే స్టాపులో నిలబడ్డ మనిషిని వదిలేసి పోయినా దానికి నష్టం లేదు. అందుకే రెండో పద్ధతిలో సమయపాలనకు బోనసు, కోత పెట్టాలి. తరచుగా నడిచే రూట్లలో లండన్ చూసేది టైంటేబుల్‌ను కాదు, నిలబడాల్సిన దానికన్నా ప్రయాణికుడు సగటున ఎంత ఎక్కువసేపు నిలబడ్డాడన్నది. అరగంట బస్సు రూట్లలో ఆలస్యంతో పాటు ముందుగా వెళ్లిపోవడానికీ జరిమానా ఉండాలి: రెండు నిమిషాలు ముందు వెళ్లిన బస్సు, వేళకు వచ్చినవాణ్ని ఇంకో అరగంట నిలబెడుతుంది.

ఈసారి వినతిపత్రంలో వీధి పేరు తీసేసి, రూటు నంబరు రాద్దాం. ఆ రూటుకు ఇప్పుడు ఎన్ని బస్సులు, చివర్లలో ఎన్ని నిమిషాలు ఆగుతున్నాయి, రద్దయిన ట్రిప్పులెన్ని, ముందుగా బయలుదేరినవెన్ని అని నెలవారీ అంకెలు అడుగుదాం. అదనపు ట్రిప్పులు అడిగితే ముందు మధ్యాహ్నాలకు, సాయంత్రం ఏడు తర్వాతకు, ఆదివారాలకు అడగడం మేలు. ఆ వేళల్లో బస్సులు డిపోలో ఊరికే నిలబడి ఉంటాయి, కావలసింది డ్రైవరు గంటలు, ఇంధనం, నిర్వహణ మాత్రమే. ఉదయం రద్దీకి ఒక ట్రిప్పు కావాలంటే కొత్త బస్సు కొనాలి, దానికి డిపోలో చోటు కావాలి, డ్రైవరు పని ఉదయం కొంత, సాయంత్రం కొంత అంటూ రెండు ముక్కలవుతుంది. పంపే సమయం కూడా చూసుకోవాలి. షెడ్యూళ్లు ఏడాదికి కొన్నిసార్లే మారుస్తారు, డ్రైవర్ల డ్యూటీలు అంతకు వారాల ముందే ఖరారవుతాయి. తర్వాతి మార్పు తేదీ కనుక్కుని, కనీసం నాలుగైదు నెలల ముందే పత్రం అందేలా పంపాలి.