అలౌ బటన్ గారికి ఒక విన్నపం

గూగుల్ లాగిన్ పేజీలో ‘అనుమతిస్తున్నాను’ అని మాచేత నొక్కించుకునే మహారాజశ్రీ అలౌ బటన్ గారి దివ్య సముఖానికి, బెంగళూరు మారతహళ్లి నుంచి మీ విధేయుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, నిన్న శనివారం మధ్యాహ్నమంతా తమరి సేవలోనే పోయింది కాబట్టి నా వైపు కుశలం లేదు. తమరు బాగానే ఉన్నారు. చూశాను, నీలంగా మెరిసిపోతున్నారు.

బొమ్మసంద్రలో మా ఫ్యాక్టరీ మెట్ల కింద ఒక సర్వర్ కంప్యూటర్ ఉంది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, ఎదురుగా కుర్చీ కూడా లేదు. పొద్దున్నే ఆరింటికి క్రాన్ అనే అలారం ప్రోగ్రాం దాన్ని తట్టి లేపితే స్టాకు లెక్క, రావలసిన బిల్లుల జాబితా, రాత్రి బ్యాకప్ సంగతి మా ఓనరు గారికి మెయిల్ చేసి మళ్లీ పడుకుంటుంది. దాని ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదనే దాన్ని పెట్టుకున్నాం. అలాంటి దాని దగ్గరికి వారం వారం వచ్చి, మనిషెవరైనా ఉంటే ఒకసారి నొక్కమంటారు తమరు.

అయ్యా, మనిషే ఉంటే మెయిల్ ఆ మనిషే పంపేవాడు కదా!

తమరి బాధా తెలుసు. 1982లో జాన్ పోస్టెల్ మెయిల్ రవాణాకి నియమాలు రాసినప్పుడు ఇన్ని తనిఖీల్లేవు. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌ని ‘హెలో’ అని పలకరించి, ఫలానావారి దగ్గర్నుంచి అంటే అవతలిది నమ్మేసేది. ఎవరి పేరు చెప్పినా చెల్లేది. ఆ మంచితనంలోంచి స్పాం వాళ్లు దూరారు. మెయిల్ బయటికి పోయే దారి, 25వ నంబరు పోర్టుని చాలా క్లౌడ్ కంపెనీలు మూసేశాయి. పంపినవాడు నిజంగా వాడేనా అని తేల్చే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అంటూ డొమైన్‌కి రికార్డుల మీద రికార్డులు వచ్చాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ భారీగా పంపేవాళ్లకి ఆ మూడూ తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో భారీ అంటే రోజుకి 5,000 మెయిల్స్. మావి రోజుకి మూడు. అవీ ఒకే మనిషికి. డబ్బు కట్టే మెయిల్ అకౌంటు తీసుకుందామంటే, “మూడు మెయిల్స్‌కి నెలనెలా దుడ్డు ఎందుకప్పా?” అన్నారు ఓనరు గారు. కాబట్టి ఫ్రీ అకౌంటు, కాబట్టి తమరు.

మెయిల్ పంపే చిన్న ప్రోగ్రాంలో, అదే స్క్రిప్టులో, పాస్‌వర్డ్ రాసిపెడితే గడిచిపోయే రోజులుండేవి. భద్రం కాదన్నారు, ఒప్పుకున్నాం. బదులుగా టోకెన్లిచ్చారు, అంటే పాస్‌వర్డ్ లేకుండా లోపలికి పోనిచ్చే చీటీలు. గంటసేపు బతికే చిన్న టోకెన్ ఒకటి, అది చచ్చినప్పుడల్లా కొత్తది పుట్టించే పెద్ద టోకెన్ ఒకటి. మనిషి ఒక్కసారి వచ్చి తమర్ని నొక్కితే చాలు, ఆపైన పెద్దదే చూసుకుంటుందని చెప్పారు. ఒక్కసారి అన్నారు! తీరా చూస్తే మా స్క్రిప్టు గూగుల్ లెక్కలో ఒక యాప్, అది ఇంకా ‘టెస్టింగ్’లో ఉందట, అందుకని పెద్ద టోకెన్ ఆయుష్షు 7 రోజులట. ఆ గండం దాటి గూగుల్ వెరిఫికేషన్ కూడా నెగ్గాలంటే హోం పేజీ కావాలి, ప్రైవసీ పాలసీ కావాలి, యాప్‌ని ఎలా వాడతారో చూపించే వీడియో కావాలి. మెట్ల కింద చీకట్లో పెట్టె అది. ఏం తీయమంటారు వీడియో? దాని మీద దుమ్ము పడటమా?

యాప్ పాస్‌వర్డ్ అని పదహారు అక్షరాల దొడ్డిదారి ఒకటుంది లెండి. అకౌంటు పాస్‌వర్డ్ మారిస్తే అదీ పోతుంది. మా అకౌంట్స్ వాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోని నెల లేదు.

ఇంట్లో కూర్చునే నొక్కొచ్చు కదా అంటారేమో. అదీ చూశాను. కొత్త చోటి నుంచి లాగిన్ అని తమరికి అనుమానమొచ్చి ఓటీపీ అడిగారు. అది వచ్చే ఫోను ఏ మనిషిదీ కాదు. ఓటీపీల కోసమే ఉంచిన పాత ఫోను, అకౌంట్స్ డ్రాయరులో ఛార్జింగ్ పెట్టి ఉంటుంది. మనిషి ఉన్నాడో లేడో తేల్చుకోవడానికి తమరు డ్రాయరుని అడుగుతున్నారన్నమాట.

సరే, బయల్దేరాను. ఔటర్ రింగ్ రోడ్డు, ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్‌బోర్డు కూడలి, హోసూరు రోడ్డు. బొమ్మసంద్రకి 2025 ఆగస్టులో మెట్రో వచ్చిన మాట నిజమే, ఆర్‌వీ రోడ్డు వైపు కాపురమున్న అదృష్టవంతులకి. డ్రాయరు తాళం అకౌంటెంట్ గారింట్లో, ఆయన ఇల్లు చందాపురలో. అక్కడిదాకా పోయి మళ్లీ వెనక్కొచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, “ఒళగె యారూ ఇల్ల సార్” అన్నాడు. లోపల ఎవరూ లేరని ఆయనకి తెలుసు. తమరికే ఎక్కదు.

ఓటీపీ కొట్టాక ‘నేను రోబోను కాను’ అని టిక్కు పెట్టమన్నారు. రోబో తరఫున పెట్టాను. ఆ తర్వాత ట్రాఫిక్ సిగ్నళ్లున్న గళ్లన్నీ ఎంచమన్నారు. సిల్క్‌బోర్డు దాటి వచ్చినవాణ్ణి!

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. టోకెన్ బుధవారమే చచ్చింది. సర్వర్‌కి తెలుసు. మెయిల్ పోవడం లేదని బుద్ధిగా మెయిల్ రాసి, తనలోనే ఉన్న, ఎవరూ తెరిచి చూడని రూట్ మెయిల్‌బాక్సులో వేసుకుంది. మాకు తెలిసింది శుక్రవారం రాత్రి, స్టాకు లెక్క ఏదని ఓనరు గారు ఫోన్ చేస్తే.

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. సూటిగా అడుగుతున్నా, నువ్వు ఆపింది ఎవణ్ణి? లక్కీ డ్రాలో కారొచ్చిందన్నవాడు ఇవాళ పొద్దున కూడా నా ఇన్‌బాక్సులో ఉన్నాడు. లోను మంజూరైందన్నవాడు నా ఇంటిపేరు కూడా తప్పు లేకుండా రాశాడు. వాళ్లనెవడూ వారం వారం బొమ్మసంద్రకి రమ్మనలేదు. నీకు దొరికింది మా పెట్టె ఒక్కటే. ఖాళీ ఇంటికి తాళం వేసి, తెరవమని లోపలివాళ్లని కేకలేస్తున్నావు. సిగ్గుండాలి.

నొక్కాను. నొక్కగానే ఆగిపోయిన రిపోర్టులన్నీ ఒక్కసారిగా వెళ్లి, చిత్తూరులో పెళ్లి పందిట్లో ఉన్న ఓనరు గారి ఫోన్లో టింగుటింగుమన్నాయి. వెంటనే ఫోను: “ఏమప్పా, తాళి కట్టే టైములో ఇన్ని మెయిల్సా? ఆపెయ్ వాటిని!”

చివరిగా ఒక్క సంగతి. నిన్న నొక్కాను కాబట్టి గడువు మళ్లీ శనివారమే తీరుతుంది. ఆ రోజు తిరుపతిలో మా మరదలి నిశ్చితార్థం. అందుకని రేపు ఆఫీసుకి వెళ్లగానే, బాగానే నడుస్తున్నదాన్ని ఆపి, మళ్లీ లాగిన్ అయ్యి ఇంకోసారి నొక్కుతాను. ఇక మీదట సోమవారం సోమవారం వస్తాను. ఆ రోజైతే డ్రాయరు తాళం ఆఫీసులోనే ఉంటుంది.

ఇట్లు,
సర్వర్ తరఫు మనిషి