గుమ్మానికి అడ్డంగా ఒక జీవితం

గుమ్మంలో నిలబడవద్దని పిల్లలను మందలించడం మన ఇళ్ళలో అనాదిగా వస్తున్న ఆచారం. ఉంటే లోపల ఉండు, పోతే బయటికి పో, మధ్యలో ద్వారబంధంలా ఆ నిలబడటమేమిటని మా నాయనమ్మ నన్ను రోజుకు నాలుగుసార్లు అడిగేది. నా దగ్గర ఏనాడూ జవాబు ఉండేది కాదు. ఆ ప్రశ్నకు తిరుగులేని జవాబు చెప్పగలిగిన మహానుభావుడు స్వీడన్ ఉత్తరాన, బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఉన్న పీటియో అనే ఊళ్ళో 1973 జనవరిలో పుట్టాడనీ, ఆ జవాబు చెప్పినందుకే ఆయనకు నాలుగు స్టాన్లీ కప్పులూ ఒక ఒలింపిక్ స్వర్ణపతకమూ దక్కాయనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన పేరు టోమస్ హోల్మ్‌స్ట్రోమ్. వృత్తి మంచు హాకీ. హోదా లెఫ్ట్ వింగర్. చేసిన పని అడ్డంగా నిలబడటం.

వింగ్ అంటే రెక్క. మధ్యన ఒక సెంటర్, అతడికి అటూ ఇటూ రెండు రెక్కలు. ఆ రెక్కలు రింకు అనే మంచు మైదానం అంచుల వెంట రివ్వున దూసుకుపోయి, పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళను ప్రత్యర్థి గోల్‌లోకి పంపాలని శాస్త్రం. పైగా ఆయన 1996 నుంచి 2012 దాకా 15 సీజన్లు ఆడిన ఏకైక ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్; దాని విజేతకిచ్చేదే స్టాన్లీ కప్పు) జట్టు పేరు డెట్రాయిట్ రెడ్ వింగ్స్, అనగా ఎర్ర రెక్కలు. రెక్కల జట్టులో రెక్కగా చేరి, జీతం పుచ్చుకుంటూ, ఎగరనని భీష్మించుకు నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో పాఠకులు ఊహించుకోవాలి. ఆయన స్కేటింగ్ వేగాన్ని పొగిడినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. అయినా ఎక్కడికి చేరాలో ముందే తెలిసినవాడికి వేగంతో పనేమిటి? ఆయన గమ్యం ఎప్పుడూ ఒక్కటే, ఎదుటి గోల్‌కీపర్ ముక్కుకు ఎదురుగా ఒక గజం చోటు.

ఈ విద్య వెనుక ఉన్న శాస్త్రాన్ని తేలికగా తీసిపారేయరాదు. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. పక్ బరువు దాదాపు 170 గ్రాములు. గట్టి చేయి గలవాడు కొడితే అది గంటకు 160 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది, రింకుకు అడ్డంగా గీసిన నీలిగీత దగ్గర నుంచి గోల్ చేరడానికి అరసెకను కూడా పట్టదు. ఆ అరసెకనులోనే గోల్‌కీపర్ చూడాలి, లెక్కకట్టాలి, కాలో చెయ్యో చాపాలి. శతాబ్దానికి పైగా హాకీ మేధావులందరూ ఈ సమస్యను కొట్టేవాడి వైపు నుంచే ఆలోచించారు: ఇంకా గట్టిగా కొట్టాలి, ఇంకా గురిగా కొట్టాలి. హోల్మ్‌స్ట్రోమ్ చూసేవాడి వైపు నుంచి ఆలోచించాడు. చూడనీయకపోతే చాలును కదా! శివాలయంలో నంది కొమ్ముల మధ్య నుంచి స్వామిని దర్శించుకునే సదుపాయం మనకు ఉన్నది. హోల్మ్‌స్ట్రోమ్ వెనుక చిక్కిన గోల్‌కీపర్‌కు ఆ పాటి సందు కూడా ఉండేది కాదు. పాపం, ఆ సాయుధ పురుషుడు ముఖానికి ఇనుప కమ్మీల ముసుగు వేసుకొని, ఎడమ పక్క నుంచి ఒకసారి, కుడి పక్క నుంచి ఒకసారి, వంగి తొడల సందున ఒకసారి తొంగి చూస్తుండగానే వెనుక వలలో ఏదో పడిన చప్పుడు వినిపించేది.

ఇంతటి ప్రతిభను లోకం ఎలా గుర్తించిందో చెప్పకపోతే ఈ చరిత్ర అసంపూర్ణం. 1994 జూన్‌లో హార్ట్‌ఫర్డ్ నగరంలో ఎన్‌హెచ్‌ఎల్ జట్లు 26 కలిసి కూర్చొని, ప్రపంచంలోని హాకీ కుర్రాళ్ళను వరుసగా పంచుకున్నాయి. ఈ పంపకాన్నే డ్రాఫ్టు అంటారు. మొదటి పేరుగా ఎడ్ జొవనోవ్‌స్కీని ఫ్లోరిడా జట్టు తీసుకున్నది. ఆ తర్వాత రౌండు మీద రౌండు గడిచి, పదో రౌండులో, బహుశా అందరికీ ఇంటికి వెళ్ళే తొందర పుట్టిన వేళ, 257వ పేరుగా డెట్రాయిట్ హోల్మ్‌స్ట్రోమ్‌ను తీసుకున్నది. ఆయన కంటే 256 మంది మెరుగని పెద్దలు ఏకగ్రీవంగా తేల్చారన్నమాట. జొవనోవ్‌స్కీ వెయ్యికి పైగా ఆటలు ఆడిన మంచి డిఫెన్స్ ఆటగాడే, కాకపోతే స్టాన్లీ కప్పు ఎన్నడూ అందుకోలేదు. నన్ను మరీ ముచ్చటపరిచేది మరొకటి. అదే డ్రాఫ్టులో హోల్మ్‌స్ట్రోమ్‌కు కొంచెం ముందుగా 217వ పేరుగా టిమ్ థామస్, 219వ పేరుగా ఎవ్‌గెనీ నబోకోవ్, 226వ పేరుగా టోమస్ వోకున్ ఎంపికయ్యారు. ముగ్గురూ గోల్‌కీపర్లే, ముగ్గురూ పేరు తెచ్చుకున్నవారే. డ్రాఫ్టులో ఆయనకు ముందు నిలిచిన నేరానికి నబోకోవ్, వోకున్ ఇద్దరూ ఏళ్ళ తరబడి రింకులో ఆయన వెనుక నిలబడి ఆయన వీపును అధ్యయనం చేయవలసి వచ్చింది. కర్మ సిద్ధాంతాన్ని నమ్మనివారు దీనికి వేరే వివరణ వెతుక్కోవచ్చు.

డెట్రాయిట్ తరఫున స్వీడన్‌లో ప్రతిభను వెతికే హాకన్ అండర్సన్ కన్ను ఈయన మీద పడింది. తర్వాత 1998లో 171వ పేరుగా పవెల్ దత్సుక్, 1999లో 210వ పేరుగా హెన్రిక్ జెట్టర్‌బెర్గ్ అనే మేటి ఆటగాళ్ళు డెట్రాయిట్‌కు దక్కడంలోనూ అండర్సన్ పాత్ర ఉన్నది కాబట్టి, ఈ ఎంపిక పొరపాటున జరిగిందని అనే వీలు లేకపోయింది. 2005 నుంచి డ్రాఫ్టును ఏడు రౌండ్లకు కుదించారు. 32 జట్లున్న ఈ రోజుల్లోనూ ఆ జాబితా 257 దాకా పోదు. అంటే మరో హోల్మ్‌స్ట్రోమ్ పుట్టకుండా లీగ్ ముందుజాగ్రత్తగా ద్వారాలు మూసింది; ద్వారానికి అడ్డంగా నిలబడినవాడి మీద ఇంతకు మించిన ప్రతీకారం ఉండబోదు.

నిలబడటమే కదా, అదేం పెద్ద పని అని పెదవి విరిచేవారు ఉంటారు. వారికి నా సవినయమైన మనవి ఏమిటంటే, ఆ గజం చోటు ఖాళీగా దొరికేది కాదు. వందకిలోల డిఫెన్స్ ఆటగాళ్ళు ఇద్దరు వంతులవారీగా హాకీ కర్రను రెండు చేతులతో అడ్డంగా పట్టుకొని నడుము మీద పొడుస్తూ ఉంటారు, గోల్‌కీపర్ తన వెడల్పాటి కర్రతో చీలమండల మీద వాయిస్తూ ఉంటాడు, ఎదురుగా సొంత జట్టువాడే తుపాకీ గుండు లాంటి పక్‌ను తన వైపే కొడుతూ ఉంటాడు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటాం గాని, ఆ సామెత కట్టినవారికి పక్కల నుంచి వచ్చే పోట్ల సంగతి తెలియదు. ఇన్నిటి మధ్య ఆ మనిషి చేయవలసింది, కదలకుండా ఉండి, పక్ తన దాకా వచ్చినప్పుడు కర్ర అంచుతో దాని దారి రెండంగుళాలు మార్చడం. నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ అనే మరో స్వీడన్ దేశస్థుడు నీలిగీత దగ్గర నుంచి కొట్టడం, ఈయన గోల్ ముందు దారి మళ్ళించడం, సాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక కూడా ఇద్దరూ ఇదే పని మళ్ళీ మళ్ళీ చేయడం వారి నిత్యానుష్ఠానం. జో లూయిస్ అరీనాలో గోల్ వెనుక చెక్కగోడకు బంతిలా తిప్పికొట్టే గుణం ఉండేది కనుక, లిడ్‌స్ట్రోమ్ ఒక్కొక్కసారి కావాలనే గోల్ పక్కకు కొట్టేవాడు, అది గోడకు తగిలి ఈయన కాళ్ళ దగ్గరకు వచ్చేది. ఉత్తముడైన డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ లిడ్‌స్ట్రోమ్‌కు ఏడుసార్లు వచ్చింది. ఉత్తముడైన అడ్డుపుల్లకు ట్రోఫీ లేదు.

లేకపోవడమే కాదు, పద్దు పుస్తకంలో గడి కూడా లేదు. గోల్ పడితే కొట్టినవాడి పేరు రాస్తారు, అంతకుముందు పక్‌ను అందించినవారికి ఇద్దరి దాకా అసిస్ట్ ఇస్తారు. ముట్టుకున్నవారికే పుణ్యం. ఎవరి నడుము వల్ల గోల్‌కీపర్ ఆ ముహూర్తంలో అంధుడయ్యాడో అతడికి అరపైసా జమ ఉండదు. కాబట్టి ఆయన 1,026 ఆటలలో 243 గోల్స్, 287 అసిస్టులు అని పుస్తకం చెప్పేది నిజమే అయినా, అది గుమాస్తా నిజం మాత్రమే. ఆ గోల్స్‌లో దాదాపు సగం పవర్ ప్లేలో, అంటే ఎదుటివాడు తప్పు చేసి శిక్షగా ఒకడు తగ్గి ఆడుతున్న రెండు నిమిషాలలో వచ్చినవి. ఇంట్లో మనుషులు తగ్గిన సమయం చూసి గుమ్మం దగ్గర చేరడం కూడా ఒక నేర్పే. 2006–07 సీజన్లో 30 గోల్స్ చేసేనాటికి ఆయనకు 34 ఏళ్ళు వచ్చాయి. ఎగిరే రెక్కలు ఆ వయసుకు అరిగిపోతాయి. నిలబడేవాడికి అరగడానికి ఏమున్నది?

ఇక ధర్మశాస్త్ర విషయం. గోల్ ముందు నీలిరంగు పూసిన చోటును క్రీజ్ అంటారు, అది గోల్‌కీపర్ సొంత ఆస్తి. హోల్మ్‌స్ట్రోమ్ లీగ్‌కు వచ్చిన రోజుల్లో, పక్ లోపలికి రాకముందే దాడి చేసే ఆటగాడి కాలి బొటనవేలు ఆ రంగును తాకినా గోల్ రద్దయ్యేది. 1999 ఫైనల్లో డాలస్ ఆటగాడు బ్రెట్ హల్ బఫలో జట్టు మీద కప్పు గెలిపించిన గోల్ కొట్టినప్పుడు ఆయన కాలు క్రీజ్‌లోనే ఉన్నదని బఫలో నగరం నేటికీ శోకిస్తున్నది. ఆ రభస తర్వాత బొటనవేలి చట్టాన్ని ఎత్తివేసి, సమస్త భారాన్ని రిఫరీల విచక్షణకు వదిలారు. విచక్షణ అనే మాట ఎక్కడ కనిపించినా జాగ్రత్తగా ఉండాలని మనకు తెలుసు. క్రీజ్ బయట నిలబడి చూపును అడ్డగించడం న్యాయం, లోపల నిలబడి అడ్డగించడం అన్యాయం. 2008 వసంతంలో న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు షాన్ ఏవరీ, గోల్‌కీపర్ మార్టిన్ బ్రొడూర్ వైపు తిరిగి నిలబడి, ముఖం ముందు కర్ర ఊపి గంతులు వేశాడు. మర్నాటికల్లా లీగ్ అది శిక్షార్హమని ప్రకటించింది. అనగా వీపు చూపిస్తే కళ, ముఖం చూపిస్తే నేరం. జీవితమంతా వీపే చూపించిన మర్యాదస్థుడు మన హోల్మ్‌స్ట్రోమ్.

అదే వసంతంలో ఆ మర్యాదస్థుడికి జరిగిన అన్యాయం వేరు. డాలస్‌తో సెమీఫైనల్ నాలుగో ఆటలో దత్సుక్ గోల్ కొట్టాడు. డాలస్ గోల్‌కీపర్ మార్టీ టర్కోకు హోల్మ్‌స్ట్రోమ్ అడ్డుపడ్డాడని రిఫరీ దానిని రద్దు చేశాడు. రీప్లేలో ఆయన స్కేట్లు రెండూ నీలిరంగుకు బయటే కనిపించాయి. ఇక లోపల ఉన్నదంటూ ఉంటే, అది నేలను తాకని, వీపుకు దిగువ భాగం మాత్రమే. ఇక్కడ ఒక గంభీరమైన ప్రశ్న తలెత్తుతుంది. నేల మీద పూసిన రంగుకు పైనున్న ఆకాశం మీద కూడా హక్కు ఉంటుందా? ఉంటే ఎంత ఎత్తు వరకు? మన పల్లెల్లో పొరుగువాడి చూరు నీళ్ళు మన దొడ్లో పడితే పంచాయితీ పెడతారు గాని, పొరుగువాడు గట్టు మీద నిలబడి వంగితే ఎవరూ దావా వేయరు. ఆ ఆట డెట్రాయిట్ 1–3 తేడాతో ఓడింది. ఫైనల్లో పిట్స్‌బర్గ్‌తో మొదటి ఆటలోనూ లిడ్‌స్ట్రోమ్ గోల్ ఈయన కారణంగానే రద్దయింది. ఆయన పేరే రిఫరీల చెవిలో ఈలలా మోగుతూ ఉండేదని నా అనుమానం. అయినా ఆ ఏడు కప్పు డెట్రాయిట్‌దే. 1997, 1998, 2002ల తర్వాత ఆయనకు అది నాలుగోది.

2006లో ట్యూరిన్ ఒలింపిక్స్ ఫైనల్లో ఫిన్లండ్‌ను 3–2తో ఓడించిన స్వీడన్ జట్టులోనూ ఆయన ఉన్నాడు. 2012లో వెయ్యో ఆట ఆడాడు. 2013 జనవరిలో, 40 ఏళ్ళు నిండబోతుండగా, గుమ్మంలో నుంచి పక్కకు తప్పుకున్నాడు.

గోల్‌కీపర్‌కు అడ్డుపడ్డారా లేదా అని కోచ్ సవాలు చేసి వీడియో చూపించమని అడిగే హక్కు లీగ్‌లో 2015లో వచ్చింది. ఆయన వెళ్ళిన రెండేళ్ళకు! పెళ్ళి అయిపోయాక బాజాలు తెచ్చిన చందంగా వచ్చిన ఈ చట్టాన్ని ఏడేళ్ళు వెనక్కు వర్తింపజేసి, డాలస్‌లో రద్దయిన ఆ గోల్‌ను తిరిగి పద్దులో చేర్చవలసిందిగా లీగ్ కార్యాలయానికి నేనొక అర్జీ రాసి పెట్టుకున్నాను. అర్జీ మంజూరైతే గోల్‌ను నిస్సందేహంగా దత్సుక్ పేరునే రాసుకోవచ్చు. నిలబడినవాడి పేరు రాయడానికి అందులో ఎలాగూ గడి లేదు.