డెలిగేట్ వాడితే కోడ్ నెమ్మదిస్తుందా?

డి అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఫంక్షన్‌ని, అది వాడే డేటాతో సహా, విలువలా చేతులు మార్చే సాధనం డెలిగేట్. "డెలిగేట్ రాసిన ప్రతిసారీ హీప్‌లో (రన్‌టైమ్‌లో అడిగి తీసుకునే చోట) మెమరీ తింటుంది, కంపైలర్ దాన్ని ఇన్‌లైన్ చేయలేదు (పిలిచే చోటే దాని కోడ్‌ని కలిపేయడం కుదరదు), నమ్మకపోతే ఈ బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) చూడండి" అనే మాట చాలా చోట్ల తిరుగుతోంది. మొదటిది సగం నిజం. రెండోది ఒక్క కంపైలర్‌ని చూసి అన్న మాట. మూడోది అసలు కొలతే కాదు.

మెమరీ సంగతి ముందు. డెలిగేట్ అంటే రెండు పాయింటర్లు: ఒకటి ఫంక్షన్‌ది, రెండోది దాని కాంటెక్స్ట్‌ది, అంటే అది వాడే డేటాది. 64 బిట్ మెషిన్‌లో 16 బైట్లు. ఆబ్జెక్ట్ మెథడ్‌ని డెలిగేట్‌గా తీసుకుంటే రెండో పాయింటర్ ఆ ఆబ్జెక్ట్‌నే చూపిస్తుంది, కొత్తగా అలొకేషన్ ఏమీ జరగదు. లోకల్ వేరియబుల్‌ని పట్టుకున్న డెలిగేట్ ఫంక్షన్ దాటి బయటికి పోయే వీలుంటేనే గార్బేజ్ కలెక్టర్ (హీప్ మెమరీని చూసుకునే భాగం) రంగంలోకి దిగుతుంది. డెలిగేట్‌ని తీసుకునే పారామీటర్‌కి 'స్కోప్' తగిలిస్తే ఆ లోకల్ వేరియబుల్స్ స్టాక్ (ఫంక్షన్ నడిచినంతసేపే ఉండే మెమరీ) మీదే ఉంటాయి. అనుమానమైతే ఫంక్షన్‌కి 'నోజీసీ' (గార్బేజ్ కలెక్టర్ మెమరీ వాడొద్దనే గుర్తు) పెట్టి చూడండి, క్లోజర్‌కి (ఇలా వేరియబుల్స్‌ని పట్టుకున్న ఫంక్షన్‌కి) అలొకేషన్ అవసరమైతే కంపైలరే ఎర్రర్ ఇస్తుంది.

ఇన్‌లైనింగ్ విషయంలో, డి కంపైలర్లలో ఒకటైన డీఎండీ అంత దూకుడుగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ మిగతా రెండు కంపైలర్లలో ఎల్‌డీసీ వెనక ఎల్ఎల్‌వీఎం ఉంది, జీడీసీ వెనక జీసీసీ ఉంది, రెండూ గట్టి ఆప్టిమైజర్లే. డెలిగేట్‌ని అందుకునే చిన్న ఫంక్షన్ ముందు కాలర్‌లో (దాన్ని పిలిచే ఫంక్షన్‌లో) కలిసిపోతే, పిలిచేది ఎవరినో ఆప్టిమైజర్‌కి తెలిసిపోతుంది. ఆపైన డెలిగేట్ బాడీ కూడా అక్కడే కలిసిపోవచ్చు. రన్‌టైమ్‌లో నింపిన కాల్‌బ్యాక్‌ల జాబితా అయితే మామూలుగా ఇండైరెక్ట్ కాల్ (పాయింటర్ చూసి పిలవడం) తప్పదు. అది చాలా భాషల్లో అంతే.

ఇక ఆ బెంచ్‌మార్క్. 0 నుంచి ఎన్ దాకా కూడే లూప్ అది, డెలిగేట్‌తో ఒకసారి, డెలిగేట్ లేకుండా మామూలుగా ఒకసారి. మామూలు వెర్షన్‌కి దాదాపు సున్నా టైమ్ వచ్చిందని సంబరం. ఎందుకు రాదు? ఎల్ఎల్‌వీఎం ఆ లూప్‌ని పీకేసి, మనం బళ్లో నేర్చుకున్న, వరుస సంఖ్యల మొత్తం కనుక్కునే సూత్రాన్ని పెట్టేస్తుంది. అంటే డెలిగేట్ పక్క నిజంగా తిరిగే లూప్, మామూలు వెర్షన్ పక్క ఒక్క గుణకారం! నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను: ఫలితాన్ని ఎక్కడా వాడలేదు, లూప్ మొత్తం మాయమైంది, నేనేమో వేగం చూసి మురిసిపోయాను. ఇన్‌పుట్ రన్‌టైమ్‌లో ఇవ్వండి, ఫలితాన్ని ప్రింట్ చేయండి, అసెంబ్లీ (కంపైలర్ తయారుచేసిన కోడ్) తెరిచి లూప్ మిగిలిందో లేదో చూడండి. అప్పుడు మాట్లాడుకుందాం.

"యూనిట్‌టెస్ట్‌లు పాసయ్యాయి, చాలదా?" అనే వాళ్లూ ఉన్నారు. చాలదు. స్కోప్ అని మాటిచ్చిన డెలిగేట్‌ని సిస్టమ్ కోడ్‌లో (కంపైలర్ మెమరీ భద్రత తనిఖీ చేయని కోడ్‌లో) ఎక్కడో దాచుకుంటే అది చెల్లిపోయిన స్టాక్ ఫ్రేమ్‌ని చూస్తుంటుంది. డీబగ్ బిల్డ్‌లో పాత విలువ ఇంకా అక్కడే ఉండి టెస్ట్ పాసవ్వచ్చు, ఓ3తో (గట్టిగా ఆప్టిమైజ్ చేసిన బిల్డ్‌తో) అదే టెస్ట్ చెత్త విలువ ఇవ్వచ్చు. అందుకే నేను ప్రతి టెస్ట్‌నీ రెండు బిల్డ్‌లలోనూ నడుపుతాను.